క్షయరోగికి కాలేయ పరీక్ష ఏల?

గత వేసవిలో మేము ప్రచార కార్యక్రమముమీద ఒక మెట్ట గ్రామమునకు వెళ్ళినపుడు, పంచాయతీ కార్యాలయపు అరుగుమీద కూర్చున్న వృద్ధసభ్యుడొకరు మమ్ము ఇట్లు ప్రశ్నించిరి: "క్షయకని మాత్రలు మింగితే మావాడికి కామెర్లు వచ్చాయి. ఊపిరితిత్తుల జబ్బుకిచ్చిన మందు కాలేయాన్ని చెరచడమేమిటండీ?" రోగి ఆయన మేనల్లుడు. కన్నులు పచ్చబడగానే ఇంటివారు పసరు పోయించి, క్షయ మాత్రలను అటకమీద పెట్టిరి. కామెర్లు తగ్గినవి. మూడు నెలలకు దగ్గు తిరిగి వచ్చినది. ఆ ప్రశ్న సహేతుకమైనది. మాత్రలు అటక ఎక్కుట మాత్రము సహేతుకము కాదు.

మనము మింగు మందులలో అనేకములు కాలేయములోనే మార్పు చెంది శరీరమునుండి వెడలిపోవును. క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిమ్మట నాలుగు నెలలు మూడు మందులు ఇచ్చుట మన దేశమున అమలులోనున్న సాధారణ పద్ధతి. వీనిలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అను మూడును కాలేయమునకు భారమైనవి. ఇథాంబ్యుటాల్ అట్టిది కాదు. ఎక్కువమంది రోగులు ఈ భారమును సునాయాసముగా ఓర్చుకొందురు. ఓర్చుకొనలేనివారెవరు? నిత్యము సారా త్రాగువారు, వయసు మళ్ళినవారు, తిండి లేక కృశించినవారు. వీరితోపాటు, కాలేయములో ఇదివరకే వైరస్ చేరియున్నవారు.

ఈ చివరివారి సంగతి కొంచెము వివరింపవలెను. కామెర్లనగానే కలుషిత జలము మనకు స్ఫురించును. హెపటైటిస్ ఏ, ఈ అనునవి నీటిద్వారా వచ్చునవే. బి, సి అను రకములు వేరు. అవి రక్తముద్వారా, శరీర సంపర్కముద్వారా, ప్రసవవేళ తల్లినుండి బిడ్డకు సంక్రమించి, ఏండ్ల తరబడి ఏ బాధయు తెలియనీయక కాలేయములో కాపురముండును. 2022లో మన దేశమున సుమారు 2 కోట్ల 98 లక్షలమందిలో బి రకమును, 55 లక్షలమందిలో సి రకమును ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వీరిలో చాలమందికి ఆ సంగతియే తెలియదు. అట్టివానికి క్షయ సోకి మందులు మొదలైనపుడు, లోపల వైరస్, బయటినుండి మందు కలిసి కాలేయమును దెబ్బతీయవచ్చును.

ఊపిరితిత్తుల రోగికి వైరస్ సోకుటకు మరియొక త్రోవయు కలదు. ఏండ్ల తరబడి దగ్గు, ఉబ్బసము, ఆయాసములతో బాధపడువాడు సూదిమందుకై ఎందరి వాకిళ్ళో తొక్కును. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడినచో జబ్బు చేతులు మారును. బి వైరస్ శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రతికియుండగలదు. "సూది వేస్తేనేగాని తగ్గదు" అను నమ్మకము మన పల్లెలనుండి ఇంకను పోలేదు. మాకు దీనికంటె మొండి శత్రువు కానరాలేదు. ఇది చాలక, ఆయాసమునకు స్టెరాయిడ్ మాత్రలను వైద్యుని అడుగకుండ నెలల తరబడి మింగినచో, అణగియున్న బి వైరస్ తిరిగి విజృంభింపవచ్చును. పీల్చు మందులలో ఈ భయము చాల తక్కువ.

ఇందు పంచాయతీకేమి పని యని అడుగవచ్చును. మదనపల్లె చెంత ఆరోగ్యవరము శానిటోరియము వెలసిన తొలినాళ్ళలో క్షయకు మందు లేదు. గాలి, విశ్రాంతి, ఆహారములే చికిత్స. మందులు వచ్చిన పిమ్మట, 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన, ఇంటివద్దనే మందు తీసికొన్నవారును ఆసుపత్రిలో ఉన్నవారితో సమముగా కోలుకొందురని 1959లో లోకమునకు చాటినది. నాటినుండి రోగి ఇంటనే ఉన్నాడు. ఆసుపత్రిలో నర్సు ప్రతి ఉదయము చూచెడి కన్నులను ఇప్పుడు ఇంటివారు, ఆశా కార్యకర్త, ఇరుగుపొరుగువారు చూడవలసియున్నది.

చూచుటలో ఒక పొరపాటు తరచు జరుగుచున్నది. రిఫాంపిసిన్ వలన మూత్రము, చెమట, కన్నీరు సైతము నారింజ ఎరుపుగా మారును. ఇది మందు రంగే, ప్రమాదము లేదు. దీనినే కామెర్లని భ్రమించి మాత్రలు మానినవారిని మేమెరుగుదుము. అసలు కామెర్లలో కన్నుగ్రుడ్లలోని తెలుపు పసుపుపచ్చనగును. ఆకలి చచ్చి, వాంతులై, కుడి డొక్క పైభాగమున నొప్పి పుట్టును, నీరసము హెచ్చును. ఈ గుర్తులు కనబడినచో ఆపూట మాత్ర వేయక, మాత్రల అట్టలతో సహా అదేదినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. వైద్యులు రక్తము పరీక్షించి, అవసరమైనచో మందులను ఆపి, కాలేయము కుదుటపడిన పిమ్మట ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టుదురు. లేదా వేరు మందులు కూర్తురు. మందులను ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు తిరిగి మొదలిడవలెనో నిర్ణయించువారు వైద్యులే. పసరు, చేతిపై వాతలు ఈ నిర్ణయమునకు ఆలస్యము తెచ్చును. కొన్ని పసరులు కాలేయమునకే చేటు.

క్షయ మందులు మొదలిడునపుడే హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడ చేయుమని రోగి అడుగవచ్చును. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలును, చికిత్సయు ఉచితము. సి రకము చాలమందికి మూడు నెలల మాత్రలతో నయమగును. బి రకమునకు టీకా కలదు. దానిని జన్యుసాంకేతిక పద్ధతిలో మన దేశమున మొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. పుట్టిన 24 గంటలలో మొదటి మోతాదు పడవలెను. పంచాయతీ సమావేశములో కాన్పుల లెక్క వచ్చినపుడు ఈ టీకా లెక్కయు అడుగుడు. క్షయరోగి పోషణకై 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సహాయము 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. అది రోగి ఖాతాలో పడుచున్నదో లేదో కూడ విచారింపుడు. బి, సి వైరస్‌లు కలిసి భుజించుట వలన గాని, చేయి తాకుట వలన గాని అంటవు. కనుక రోగికి కంచము వేరుచేయనక్కరలేదు.

ఆ మేనల్లుని వద్దకు మేము మరల వెళ్ళితిమి. జిల్లా ఆసుపత్రిలో ఆతనికి బి రకము ఉన్నట్లు తేలినది. మందులకు క్షయ క్రిమి లొంగునో లేదో చూచి, ఒక్కొక్క మాత్రను కలుపుచు చికిత్స తిరిగి ప్రారంభించిరి. మేము వెళ్ళునప్పటికి నాలుగవ నెల నడుచుచుండెను. వృద్ధసభ్యులు ఈసారి ప్రశ్న వేయలేదు. మేనల్లుని భార్యకును, ఇద్దరు పిల్లలకును రక్తపరీక్ష చేయించుటకై ఆటోను పిలువనంపి, దానికొరకు అదే అరుగుమీద వేచియుండిరి.