విడిచిన చేప బ్రదుకవలెనన్న

చెరువులో వల లాగిన దినమున గట్టుమీద జరుగు పనిని పంచాయతీ సభ్యులు చూచియే యుందురు. వల ఒడ్డునకు చేరును. పెద్ద చేపలను బుట్టల కెత్తుదురు. పిదప అరచేతి పొడవు పిల్లలను పెరుగనిమ్మని నీటిలోనికి విసరుదురు. ఉద్దేశము మెచ్చదగినదే. కాని వానిలో ఎన్ని బ్రదికినవో మరునాడు వచ్చి చూచువారు అరుదు.

మన చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలువ నీటిలో సంతానము నభివృద్ధి చేయవు; పారు నదీజలములందే గ్రుడ్లు పెట్టును. 1957లో హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి రసమును సూదితో నెక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించిన పిమ్మటనే కేంద్రములలో పిల్లను ఉత్పత్తి చేయుట సాధ్యమైనది. కాబట్టి చెరువులోని ప్రతి పిల్లయు కొని తెచ్చియో, ప్రభుత్వము ఇచ్చియో వదలినదే. పావుకిలో దశలో చచ్చిన బొచ్చె కొన్ని నెలలలో కిలోకు సమీపింపవలసిన చేప. ఈ నష్టము మొదట మత్స్యకారునిది. చేపల హక్కు పంచాయతీదైనచోట, వేలపు పాట తగ్గినపుడు గ్రామమునకును నష్టమే.

చేప మొప్పలలోని సన్నని రేకులు నీటిలో విడివిడిగా నుండును. గాలిలోనికి తీసినంతనే ఒకదాని కొకటి అంటుకొనును. చుట్టును గాలి యున్నను చేపకు ప్రాణవాయువు అందదు. కొర్రమీను గాలినే పీల్చగలదు గనుక బుట్టలో గంటలకొలది కదలుచుండును. దానిని చూచి బొచ్చెయు అట్లే ఓర్చుకొనునని తలచుట పొరపాటు. ఇక చేప ఒంటిమీది జిగురు రోగములనుండి దానిని కాచు కవచము. పొడిచేతులు, నైలాను ముళ్లు, గట్టుమీది ఇసుక దానిని గీరివేయును. పొలుసు రాలినచోట దూదివంటి బూజు పట్టి, కొన్ని దినములకు చేప చచ్చును. అప్పటికి వల సంగతి ఎవరికిని జ్ఞాపకముండదు.

కావున చేతితో విడుచుటకంటె చిన్న చేప నీటిలోనే తనంత తాను తప్పించుకొనుట మేలు. ఇది వల కంటి పరిమాణముపై ఆధారపడి యుండును. పట్టదలచిన చేపలలో అన్నిటికంటె చిన్నదాని నడుము చుట్టుకొలతనుబట్టి కన్ను నిర్ణయింపవలెను. మొప్పలకు తగులుకొను వలలలో ఈ జాగ్రత్త మరియు ముఖ్యము. వానినుండి విడదీసిన చేప మొప్పలు చినిగి సామాన్యముగ బ్రదుకదు. సముద్రమున ట్రాలు వలను లాగునపుడు వజ్రాకారపు కన్నులు బిగిసి మూసికొనిపోవును. చతురస్రాకారపు కన్నులు తెరచియే యుండును గనుక, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వల సంచికి వానిని సిఫారసు చేసినది. తాబేళ్లు బయటపడుటకు కడ్డీల చట్రమును గూడ రూపొందించినది. తీరగ్రామముల సభ్యులు వీనిని గూర్చి విశాఖపట్టణములోని సంస్థ కేంద్రమున విచారింపవచ్చును.

చెరువు వలకు ఖర్చులేని మార్పొకటి కలదు. ఇపుడు ముందు పెద్దవానిని తీసి, చిన్నవానిని కడపట విడుచుచున్నారు. దీనిని తిరుగవేయవలెను. వలను బురదలోనికి ఈడ్వక మొలలోతు నీటిలో నిలిపి, తడిచేతులతోగాని ముళ్లులేని చేతివలతోగాని మొదట పిల్లలను దాటింపవలెను. విసరరాదు. పెద్దవి బుట్టలో చచ్చినను వెల తగ్గదు. చిన్నవానికి ప్రతి నిమిషమును ప్రాణముతో సమానము. గాలమునకు పడిన చేప కొక్కెమును మ్రింగినచో లాగక దారమును కోసి విడుచుట మంచిది.

వేళ విషయమున కొంత వివాదము కలదు. వేసవి మధ్యాహ్నము పనికిరాదు. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. తెల్లవారుజాము చల్లనిదే యైనను, పచ్చబారిన చెరువులలో రాత్రియెల్ల నాచు శ్వాసించుటచే ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును. పొద్దెక్కిన గంటా రెండు గంటల తరువాత, ఎండ ముదురకముందు వల లాగుట మా అభిప్రాయము.

ఈ నియమములను వేలపు షరతులలో వ్రాయించుటకు ముందు, పట్టెడువారితో కూర్చుండి మాటలాడవలెను. వల కన్ను మార్చుటకు సొమ్ము కావలెను. పాత వలను ఒక్కనాడు పారవేయుమనుట న్యాయము కాదు. వల లాగిన మూడవనాడును, ఏడవనాడును సభ్యులొకరు గట్టు చుట్టివచ్చి, తేలిన పిల్లలను లెక్కించి పుస్తకమున వ్రాయవలెను. కొంగలు తిన్నవియు, అడుగున పడినవియు ఈ లెక్కకు రావు. అయినను ఈ యేటి అంకెను పై యేటి అంకెతో పోల్చిచూచుటకు అది చాలును.