ఏజెన్సీకి వెళ్తున్న కొత్త ఎస్సైకి

అమ్మలూ,

అరకులో పోస్టింగని విని సంతోషించాను. పోలీసు ఆధునికీకరణ పేరుతో డ్రోన్లు, వాహనాలు, కెమెరాలు వస్తున్నాయి. రానీ, అవీ కావాలి. కానీ కొండమీద పోలీసు మారాడో లేదో తెలిసేది కేసు ఫైలు తెరిస్తేనే.

మన వైపు పోలీసు శాఖ 1859 నాటి మద్రాసు చట్టంతో పుట్టింది. సర్కారు పట్టు నిలపడమే దాని మొదటి పని. ఇరవయ్యేళ్లు తిరక్కుండానే, 1879లో, రంప కొండసీమ తిరగబడింది. కల్లు మీద వేసిన చిగురు పన్నుతోపాటు పోలీసుల వసూళ్లూ అందుకు కారణమే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు అక్కడున్నాయి నిజమే, జనం కోపమూ అక్కడే ఉంది.

ఇక వాకపల్లి సంగతి. జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అధికారులను తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్లు, అమ్మలూ! నిజం తేల్చాల్సిన పని మన పోలీసులది, మనం తేల్చలేదు. ఈ తీర్పు గురించి చదవకుండా కొండెక్కకు.

పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. శాంతిభద్రతల పని నుంచి దర్యాప్తును విడదీయమనడం వాటిలో ఒకటి. పొద్దున్న ఊరిని సోదా చేసినవాళ్లే సాయంత్రం ఆ ఊరి ఫిర్యాదు రాస్తామంటే ఎవరు నోరు విప్పుతారు? అయితే కోర్టు దాన్ని పది లక్షల జనాభా దాటిన పట్టణాల్లో మొదలుపెట్టమంది. నన్నడిగితే ముందు కొండల్లోనే మొదలుపెట్టాలి. పోలీసు రాష్ట్రాల చేతిలోని అంశం కనుక ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు.

అంతవరకూ నీ చేతిలో ఉన్నది చెయ్యి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలి. గంజాయి కేసుల్లో ఇది మరీ ముఖ్యం. ఇరవై కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు. కూలికి మూట మోసిన కుర్రాడి జీవితం ఆ పంచనామా మీదే ఉంటుంది. మూట కట్టించినవాడి దాకా వెళ్లకుండా కేసు ముగించకు.

ఫిర్యాదు రాశాక చదివి వినిపించాలని చట్టం. కోందుల భాష కువి మాత్రమే వచ్చిన మనిషికి తెలుగులో చదివి వేలిముద్ర వేయించుకుంటే వినిపించినట్టు కాదు. కువి, ఆదివాసీ ఒరియా వచ్చినవాళ్లను చేరగానే వెతికిపెట్టుకో, ఆడవాళ్లయితే మరీ మంచిది. అనువదించినవారి పేరు, సంతకం కాగితం మీద ఉండాలి. నేరం ఒడిశాలోని పాడువా వైపు జరిగింది, మా పరిధి కాదు అని ఎవరినీ తిప్పిపంపకు. జీరో ఎఫ్ఐఆర్ ఉన్నది అందుకే. ఎఫ్ఐఆర్ ఉచిత నకలు అప్పటికప్పుడే ఇప్పించు, మళ్లీ రమ్మంటే కొండదారిలో వాళ్లకు ఒక రోజు కూలి పోతుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న