బిగుసుకున్న బోల్టు, ఆగిపోయిన బోరింగు



తల్లిదండ్రుల పేరున సదఖా జారియాగా బోరింగు వేయించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇంటింటికీ నల్లాలు వచ్చినా, కరెంటు లేని పూట ఆదుకునేది ఆ చేతిపంపే. భూమిలో నీళ్లున్నంత కాలం ఆ పుణ్యం సాగుతూనే ఉంటుందని అనుకుంటాం. కానీ నీళ్లుండగానే, ఊడిరాని ఒక్క బోల్టు వల్ల అది ఆగిపోవడం మేము జఫర్‌గఢ్‌లో కళ్లారా చూశాం.

గత వేసవిలో ఒక దాత వేయించిన బోరింగు నీళ్లు ఎత్తడం మానేసింది. లోపల వాషర్లు అరిగాయి, అంతే. అయితే పైపులు పైకి తీయాలంటే ముందు పంపు తలను, దాని కింది నీళ్ల డబ్బాను విప్పాలి. 1970లలో యునిసెఫ్ సహకారంతో రూపొందిన ఇండియా మార్క్ టూ పంపు అది. ఈ రెండు అతుకుల దగ్గర నాలుగేసి బోల్టులుంటాయి. వాటికి 19 నంబరు పాన సరిపోతుంది. అది చేతికి అందక మేము 20 నంబరు పానతో తిప్పాం. రెండు నట్ల మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. తప్పు మాదే. మెకానిక్ దొరికేదాకా ఐదు రోజులు ఆడవాళ్లు ఎండలో దూరం నుంచి నీళ్లు మోశారు.

వచ్చిన ముసలి మెకానిక్ చూసి నవ్వాడు. "సార్, పిల్లలకు సబర్ నేర్పుతరు గదా! ఇనుముకు గూడ గదే గావాలె" అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ పాఠంగా రాస్తున్నాం.

బోల్టు ఎందుకు బిగుసుకుంటుంది? ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మెకానిక్‌లు చూడీలనే మరల మధ్య సందు నిండిపోయి, నట్టూ బోల్టూ ఒకటైపోతాయి. అప్పుడు బలం చూపిస్తే మూలలు అరుగుతాయి, లేదా బోల్టే విరుగుతుంది.

మొదట తీగ బ్రష్షుతో తుప్పు గీకాలి. తుప్పు వదిలించే నూనె వేసి, సుత్తితో మెల్లగా తట్టాలి. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ వేయాలి. తర్వాత సరైన కొలత రింగు పాన పెట్టాలి. అది మూలలన్నింటినీ పట్టుకుంటుంది, నోరు తెరిచిన పాన రెండు వైపులే పట్టుకుంటుంది. ముందు కొంచెం బిగించి, ఆ తర్వాత వదులు చేయాలి. కాస్త తిరిగాక మళ్లీ వెనక్కి తిప్పి, నూనె వేసి, ముందుకు తిప్పాలి.

వేడి చేస్తే నట్టు వ్యాకోచించి వదులవుతుంది. కానీ బోరింగు భాగాలకు జింకు పూత ఉంటుంది. దాన్ని మంటతో కాలిస్తే వచ్చే పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది. కాబట్టి అక్కడ మంట వద్దు. మూలలు అరిగిన నట్టును శానంతో చీల్చడమే మేలు. ఆ రెండు నట్లనూ ఆయన అలాగే తీశాడు. బోరింగు బోల్టు రంధ్రంలోంచి ఇవతలికి వచ్చేదే కనుక కొత్తది వేస్తే సరిపోతుంది.

ఇంజన్లలో పని ఇంత తేలిక కాదు. బోల్టు లోపలే విరిగితే, ముక్క పైకి ఉన్నప్పుడు పైపు పానతో పట్టి తిప్పవచ్చు. లోపలికి ఉంటే సరిగ్గా మధ్యలో పంచితో గుర్తు పెట్టి, సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎడమ మరలున్న ఎక్స్‌ట్రాక్టరుతో తీయాలి. అది గట్టిదే గాని పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. మెకానిక్ పని నేర్చుకునే మన పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఒక్క బోల్టు విరిస్తే వాళ్ల ఒక రోజు కూలి పోతుంది, ఒక్కోసారి ఉన్న పనే పోతుంది.

అన్నిటికంటే సులువైనది ముందు జాగ్రత్త. ఆ రోజు కొత్త బోల్టులకు గ్రీజు రాసి బిగించాం. ఈ వేసవికి ముందు విప్పి చూస్తే ఎనిమిదీ చేతి బలానికే వచ్చాయి.

అందుకే దాతలకు మా విన్నపం ఒక్కటే. బోరింగు వేయించేటప్పుడు దానితో పాటు 19 నంబరు రింగు పాన, ఎనిమిది బోల్టులు, నట్లు, ఒక గ్రీజు డబ్బా కూడా ఇవ్వండి. ఏడాదికోసారి విప్పి గ్రీజు రాసే బాధ్యత ఆ వాడలో ఒకరికి అప్పగించండి. బోరు వేసే ఖర్చు ముందు ఇది లెక్కలోకే రాదు. కానీ మీరిచ్చిన నీళ్లు ఆగకుండా చూసేది ఇదే.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, దాన్ని ఎల్లకాలం సాగేలా చేయుగాక. ఆమీన్.