“రోబో” అను మాట నేర్పు పాఠము

“రోబో” అను మాట మనము తరచుగా వినుచున్నాము. ఇది చెక్ రచయితయగు కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకము ద్వారా లోకమునకు వచ్చినది. చెక్ భాషలో “రోబోతా” అనగా వెట్టిచాకిరి.

ఆ కథలో ఒక ద్వీపమందలి కర్మాగారపు పెద్దలు మనుష్యులను పోలిన పనివారిని చేసి, సరకువలె అమ్మిరి. కొన్న ప్రభుత్వములు వారిని యుద్ధములకును పంపినవి. కీడు కనబడినను, గిరాకీ చూచి పెద్దలు పని ఆపలేదు. తుదకు ఆ పనివారు తిరుగబడి మనుష్యజాతిని హతము చేసిరి. అల్క్విస్ట్ అను కట్టడపు పనివానిని మాత్రము, తమవలె చేతులతో పాటుపడువాడని బ్రతుకనిచ్చిరి.

శాస్త్రజ్ఞానము చెడ్డది కాదు. హద్దెరుగని ఆశ దానిని చెరుపును. మన చేలలోని కూలివానిని మనము మనుష్యునిగా చూచుచున్నామా, పనిముట్టుగానా?