సంగీతమే వృత్తి అనుకుంటున్నారా? మెడ, జబ్బల సంగతీ చూసుకోండి

సంగీతంతోనే బతకాలనుకునే విద్యార్థులు శ్రుతి, తాళాల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఎలా కూర్చుంటున్నామన్న దాని మీద పెట్టరు. మెడ పట్టేసినా, మణికట్టు గుంజుతున్నా ‘సాధన బాగా సాగుతోంది’ అనుకుంటారు. నొప్పి సాధనకు కొలమానం కాదు. చేతులూ గొంతే పెట్టుబడిగా ముప్ఫై నలభై ఏళ్లు సాగాల్సిన వృత్తి ఇది.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్, న్యూయార్క్‌లోని జూలియార్డ్ వంటి సంస్థల్లో విద్యార్థులకు ‘అలెగ్జాండర్ టెక్నిక్’ నేర్పుతారు. దాన్ని రూపొందించిన ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్ 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టాడు. వేదికల మీద నాటక భాగాలు చదివే కళాకారుడు. చదువుతుంటే గొంతు బొంగురుపోయేది. డాక్టర్లు చెప్పినట్టు విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, వేదికెక్కితే మళ్లీ మామూలే. చివరికి అద్దం ముందు నిలబడి తనను తాను గమనించుకున్నాడు. చదవబోతూ తల వెనక్కి లాక్కుంటున్నాడు, స్వరపేటికను కిందికి అణుస్తున్నాడు, చప్పుడయ్యేలా గాలి పీలుస్తున్నాడు. సరిచేసుకోబోయాడు. తల ముందుకు పెట్టాననే అనుకున్నాడు, అద్దంలో మాత్రం అది ఇంకా వెనక్కే ఉంది!

అసలు కీలకం ఇదే. అలవాటైపోయిన వంకరే మనకు సరైనదిగా తోస్తుంది. అందుకే ‘నిటారుగా కూర్చో’ అని గద్దిస్తే ఒక బిగుతు పోయి ఇంకోటి వస్తుంది. మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, మెడను బిగించకుండా ఉండటం నేర్పడమే ఈ పద్ధతి. అలెగ్జాండర్ 1904లో లండన్ చేరి, 1931లో ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించాడు.

మన వయొలిన్ విద్యార్థిని చూడండి. బాసింపట్టు వేసుకుని, వాద్యం కొసను కుడి చీలమండ మీద ఆనించి వాయిస్తాడు. వేగం పెరగగానే ఎడమ జబ్బ చెవి వైపు లేస్తుంది, దవడ బిగుస్తుంది, ఊపిరి ఆగిపోతుంది. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని, కమాను తీగను తాకబోయే ముందు క్షణాన్నే మళ్లీ మళ్లీ చూసుకోండి. మోకాళ్లు తుంటికన్నా ఎత్తులో ఉంటే కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. సాధన మధ్యలో తల కింద ఒకట్రెండు పుస్తకాలు పెట్టుకుని, మోకాళ్లు మడిచి పావుగంట వెల్లకిలా పడుకోండి.

యోగా తెలిసిన గురువు దొరికినా మంచిదే. ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర యోగా మొదలుపెట్టి, ఆ తర్వాతా కొనసాగించారు.

అలెగ్జాండర్ టెక్నిక్ నేర్పడాన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారికి బ్రిటన్‌లో గుర్తింపు పొందిన అలెగ్జాండర్ ఉపాధ్యాయ శిక్షణ మూడేళ్లు, 1600 గంటలు. ఫిజియోథెరపీ చదివి, సంగీతం కూడా తెలిసినవారికి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో కళాకారుల వైద్యంపై మాస్టర్స్ ఉంది. ఫీజు కట్టే ముందు కొన్ని పాఠాలు స్వయంగా తీసుకుని చూడండి.

అలెగ్జాండర్ టెక్నిక్ సర్వరోగ నివారిణి కాదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం దీర్ఘకాలిక నడుంనొప్పికి ఈ పాఠాలు ఉపయోగపడ్డాయని తేల్చింది, అంతవరకే. వేళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, తగ్గని నొప్పి ఉంటే కచేరీ దగ్గర పడినా సరే, సాధన ఆపి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.