అతిథికి పెట్టు రొట్టె

చదువవలసిన భాగములు: ఆదికాండము 18:1–8, లూకా 11:5–8, యోహాను 6:5–13.

ఇంటికి అతిథి వచ్చినప్పుడు ఏ రొట్టె పెట్టవలెను? ఈ ప్రశ్న చిన్నదని తోచవచ్చును గాని, మార్టూరు చుట్టుప్రక్కల పల్లెలలో ఇది ఇల్లాలి గుండెను కలవరపెట్టు ప్రశ్నయే. "జొన్నరొట్టె పెడితే అయ్యగారు ఏమనుకుంటారోనమ్మా" అని పిల్లవానిని బేకరీకి పరుగెత్తించు తల్లులు లేరా? చేతిలో డబ్బుండదు. ప్రత్తి ఇంకను అమ్మలేదు. మిరపకాయ కల్లములో ఆరుచున్నది. దాని ధర ఏమగునో ఎవరెరుగుదురు? అయినను రొట్టె, కేకు, కోడిమాంసము ఖాతా వ్రాయించి తెత్తురు. అతిథి వెళ్లిపోవును, ఖాతా నిలిచియుండును. కాబట్టి మంచి రొట్టె యనగా ఏమిటో వాక్యమునుబట్టియు, మన వంటింటినిబట్టియు కొంచెము విచారింతము.

మొదట అబ్రాహాము ఇంటికి పోదము. ఎండవేళ ముగ్గురు మనుష్యులు వచ్చిరి. అతడు కొంచెము ఆహారము తెత్తునని చెప్పి, మూడు మానికల మెత్తని పిండితో రొట్టెలు చేయుమని శారాతో చెప్పెను. ఈ కొలత నేటి లెక్కలో ఇరువది లీటర్లకు మించును. ముగ్గురికి అంత పిండి! మాటలో కొంచెము, చేతలో విస్తారము. (ఆ పిండి పిసికినది శారా యని పురుషులు గమనింపవలెను. ఆదివారము ఆరాధన కాగానే ఇంటిలో చెప్పకుండ నలుగురిని భోజనమునకు పిలుచు సహోదరులు ఈ వచనమును రెండుసార్లు చదువుట మంచిది.)

ఆ రొట్టె ఎట్టిది? మనము పటములలో చూచు ఎత్తైన, మెత్తని బేకరీ రొట్టె కాదు. త్వరగా చేయమన్నాడు గనుక పిండి పులియుటకు తగిన సమయమే లేదు. పిండి పిసికి, చేతితో పలుచగా చేసి, వేడి రాతిమీదనో నిప్పులమీదనో కాల్చిన రొట్టెయై యుండవచ్చును. ఏలీయాకు బదరీవృక్షము క్రింద దొరికినదియు నిప్పులమీద కాల్చిన రొట్టెయే. చూడబోయిన, శారా చేసిన రొట్టెకు మన జొన్నరొట్టె దగ్గరి చుట్టము. బేకరీ రొట్టె దూరపు బంధువు.

ఇక యోహాను సువార్తలో చిన్నవాని యొద్దనున్నవి యవల రొట్టెలు. ఆ దేశములో యవలు గోధుమలకంటె ముందు పంటకు వచ్చును, వెల తక్కువ. రెండవ రాజుల గ్రంథము ఏడవ అధ్యాయములో ఒక మానిక సన్నని పిండికి ఎంత వెలయో రెండు మానికల యవలకు అంతే వెల. అనగా యవల రొట్టె బీదవాని రొట్టె. ప్రభువు అయిదువేలమంది అతిథులకు పెట్టినది ఆ రొట్టెనే. దానిని గోధుమ రొట్టెగా మార్చి పెట్టెనని సువార్తికుడు వ్రాయలేదు. ఎలీషా దినములలో నూరుమందికి పెట్టిన ఇరువది రొట్టెలును యవలవే. అట్లయిన మన జొన్న ఏల సిగ్గుపడవలెను?

గోధుమ మన తీరపు నేలల పంట కాదు. 1954లో అమెరికాలో చేయబడిన పి.ఎల్. 480 చట్టము క్రింద ఆ కాలమున ఓడలలో గోధుమలు మన దేశమునకు విస్తారముగా వచ్చెను. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ అను సంస్థను స్థాపించి పట్టణములలో రొట్టె అమ్మించెను; 2000లో అది ప్రైవేటు కంపెనీ చేతికి పోయెను. ఇట్లు జ్వరము వచ్చినవానికి పాలలో ముంచి పెట్టు బ్రెడ్డు, మర్యాదగల రొట్టె యని పేరు తెచ్చుకొన్నది. జొన్నయో, ఇంటివారికే మిగిలినది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత పట్టణములలో దానిని వెదకి కొనుచున్నారు!

జొన్నరొట్టె చేయుట మన అక్కలకు నేర్పనక్కరలేదు గాని, పట్నపు కోడళ్ల కొరకు నాలుగు మాటలు. జొన్నపిండిలో గోధుమపిండికుండు సాగు గుణము లేదు. అందుచేత అది పొంగదు, చన్నీళ్లతో కలిపిన విరుగును. నీళ్లు మరుగ కాచి, ఉప్పు వేసి, పిండి పోసి కలిపి, చేయి తట్టుకొనగల వేడిలో బాగుగా పిసుకవలెను. వేడినీటికి పిండి జిగురెక్కి పట్టు వచ్చును. పిండి క్రొత్తగా ఆడించినదై యుండవలెను. నిలువ పిండి రొట్టె అంచులు పగులును, చేదెక్కును. తట్టిన రొట్టెను పెనముమీద వేసి, పైన తడిచేయి రాచి, ఆ తడి ఆరగానే త్రిప్పవలెను. వేడిగా పెట్టవలెను. ప్రక్కన గోంగూర పచ్చడియో, పండుమిరప పచ్చడియో, గట్టిపప్పో చాలును. పెద్దలకు పలుచగా చేసి పాలతో నానబెట్టి ఇయ్యవచ్చును.

బేకరీ రొట్టె కొనుట తప్పని నేననను. కొనువారు కన్నులు తెరచి కొనవలెను. తయారైన తేదీ చూడుడి. "బ్రౌన్" అని పేరున్నంతమాత్రమున అది ముడిగోధుమ రొట్టె కాదు. మైదాలో రంగు కలిపినను గోధుమరంగే వచ్చును. చీటీమీద మొదట వ్రాసిన పదార్థమే ఎక్కువగా కలిపినది. రొట్టెలో కలుపుచుండిన పొటాషియం బ్రోమేటు అను రసాయనమును 2016లో మన దేశములో నిషేధించిరి. రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టిన బూజు ఆలస్యముగా పట్టును గాని, రొట్టె త్వరగా గట్టిపడును. అట్టి దానిని పెనముమీద కాల్చిన మరల మెత్తబడును. బూజు పట్టిన ముక్క ఒకటి కనబడినను తక్కినది అతిథికి పెట్టకుడి, మీరును తినకుడి.

లూకా పదకొండవ అధ్యాయములోని ఇంటివాని చూడుడి. అర్ధరాత్రి స్నేహితుడు వచ్చెను, ఇంట ఏమియు లేదు. ఆ ఉపమానము ప్రార్థనను గూర్చినదే. అయినను అతడు వడ్డీవ్యాపారి గుమ్మమునకు పోలేదు, పొరుగువాని తలుపు తట్టెను. "వదినా, రెండు గిద్దెల పిండి చేబదులియ్యి" అని అడుగుట మన పల్లెలలో సిగ్గు కాదు. సంఘములో ఒక ఇంటికి అతిథి వచ్చిన, ప్రక్క ఇంటివారు అడుగకమునుపే కూరగిన్నె పంపుట ఎంత బాగుండును!

మరియొక సంగతి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండి, కొందరు వచ్చినప్పుడు వెనుకతీసెను. ఆ బల్లమీద రొట్టె చెడిపోలేదు, మనుష్యుడు లేచిపోయెను. మన పితరుల ఇండ్లలో మంచినీళ్లు ముట్టనివారు అనేకులుండిరి. ఆ బాధ ఎరిగిన మనము, ఏ ఇంటి రొట్టె తిందుము, ఏ ఇంటిది "కడుపు నిండినది" అని త్రోసివేయుదుము? ఇది గృహదర్శనమునకు వెళ్లు పెద్దలకు ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న.

రొట్టె చూపి మనుష్యులను లోపరచుకొనుటయు తగదు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చిరి. ఆ సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. అది ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

స్త్రీల కూడికలో మాటలాడుకొనుటకు: క్రిందటి క్రిస్మసునకు అతిథుల నిమిత్తము మన ఇంట ఎంత అప్పు మిగిలెను? అందులో అతిథి అడిగినదెంత? వచ్చు నెల గృహదర్శనమునకు అయ్యగారు, అమ్మగారు వచ్చినప్పుడు ఇంటిలో ఉన్న పిండితోనే రొట్టె చేయుదమని నాలుగు కుటుంబములు ముందుగా ఒప్పుకొనగలవా?