గోడలో ఆ చప్పుడు ఎక్కడిది?

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. వంటింటి గోడలోంచి ఉన్నట్టుండి 'ధన్'మని చప్పుడొస్తోంది. ఒక్కోసారి టిక్ టిక్‌మంటుంది. గోడ పగలగొట్టించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడి గోడ పగలగొట్టించకండి. చప్పుడు ఎప్పుడొస్తోందో, అప్పుడు ఇంట్లో ఏం నడుస్తోందో రెండు మూడు రోజులు రాసిపెట్టండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

మోటారు ఆపగానే 'ధన్'మంటే, ట్యాంకుకు ఎక్కుతున్న నీళ్లు వెనక్కి జారి వాల్వును ఒక్కసారిగా మూసేస్తున్నాయన్నమాట. కుళాయి చటుక్కున కట్టేసినా, వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపుకున్నా అంతే. పరుగెత్తే నీటిని హఠాత్తుగా ఆపితే ఆ విసురు పైపుకు తగులుతుంది. క్లాంపు వదులైన పైపు గోడకు కొట్టుకుంటుంది. పైకి కనిపించే పైపుల క్లాంపులు బిగించి, కుళాయి నెమ్మదిగా కట్టి చూడండి. మోటారు దగ్గరి వాల్వు పాతదైతే స్ప్రింగు ఉన్న నాన్‌రిటర్న్ వాల్వు వేయించండి.

గీజరు వాడాక వచ్చే టిక్ టిక్, వేడికి సాగిన పైపు చల్లారుతున్న చప్పుడు. దానికి భయపడనక్కర్లేదు.

కుళాయిలన్నీ కట్టేసినా సన్నగా 'స్స్' అని వినిపిస్తే మాత్రం ఉపేక్షించకండి. రాత్రి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి, నీళ్లు వాడకుండా పొద్దున చూడండి. తగ్గితే లీకే. ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

అక్కడ బాగానే ఉండి మట్టం తగ్గుతున్నా, గోడ చెమ్మగిల్లినా ప్లంబరును పిలవండి. స్విచ్‌బోర్డు వైపు చిటపటలు, కాలిన వాసన వస్తే ఆ గోడను తాకకుండా మెయిన్ ఆపేసి, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను రప్పించండి.